మిగిలిన రంగు

నాగవంశీ పోయింది చేపల వేట నిషేధం రోజుల్లో. యారాడ పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఊరికే కూర్చోలేక ఆ కుర్రాడు విశాఖ వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ కొట్లో మూటలు మోయడానికి కుదిరాడు. ఇంకా వెలుగు రాకముందే పాత సైకిలు మీద కొండ దిగాడు. పోర్టు రోడ్డులో వెనక నుంచి ఏదో బండి గుద్దింది. ఆగలేదు.

లారీ అయి ఉంటుందన్నారు పోలీసులు. ఆ రోడ్డున లారీలకు లెక్క లేదు. కొన్నాళ్ళకు సైకిలు తీసుకుపొమ్మని కబురు పంపారు. కేసు సంగతి అడిగితే, చూస్తున్నామన్నారు.

తల్లి సీతాలు ఏడవలేదు. ఊరి ఆడవాళ్ళు భుజాలు పట్టుకుని కుదిపారు.

"ఏడిసెయ్యే సీతాలూ. గుండె పగిలిపోద్ది."

"నా కొడుకుని గుద్దీసి పోయినోడు నా ఎదురుగా నిలబడాల. ముందు ఆడు ఏడవాల. అప్పుడు నాను ఏడుత్తాను," అంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

వేట మొదలయ్యాక మార్కెట్లో తన చోటు వేరొకరికి వదిలేసింది. హార్బరులో చేపలు కొనుక్కుని కాలనీలు తిరగసాగింది. ఒకచోట కూర్చుంటే కొడుకే గుర్తొస్తున్నాడని తోటివాళ్ళతో చెప్పింది. చేపల తట్ట వస్తే ఏ గేటయినా తెరుచుకుంటుంది.

అలా తిరుగుతూ పెందుర్తిలో శ్రీరామ్మూర్తి గారింటికి చేరింది. ఆయన రిటైరై ఇంటిపట్టున ఉంటున్నారు. ఎవరికీ అక్కర్లేని పాత సైకిళ్ళు తెచ్చి, విప్పి, తుడిచి, కొత్తవాటిలా చేయడం ఆయన సరదా. ఈ మధ్యే పట్టుకుంది. భార్య రాణికి అది చూస్తే ఒళ్ళు మంట.

"సూడు సీతాలూ, ఈయనగోరి వరస! బంగారం లాంటి కారుకి ముసుగేసి మూల పెట్టీసినారు. తుక్కు సైకిళ్ళకి తలంట్లు పోస్తన్నారు."

"తొక్కితే కదా ఆరోగ్యం," అన్నారాయన. "సీతాలూ, మీ ఊళ్ళో పాత సైకిలేదైనా ఉంటే సెప్పు. తుప్పు పట్టినా పర్లేదు."

"మావోళ్ళందరికీ మోటారు బళ్ళే బావూ. సైకిళ్ళెవులు తొక్కుతన్నారు?"

వంజరం చేప ముక్కలు కోసిచ్చి, తట్ట ఎత్తుకోబోతుంటే గాలి వేసింది. కారు మీది కవరు అంచు లేచి టపటపా కొట్టుకుంది. సీతాలు వంగి, దాన్ని కిందికి లాగి సర్దింది. వంగినామె లేవడానికి కాసేపు పట్టింది. నడుం నొప్పి కాబోలనుకుంది రాణి.

గేటు దాకా వెళ్ళిన సీతాలు వెనక్కి తిరిగింది.

"ఒకటుంది బావూ. మా ఇంటెనక పడుంది."

"ఎంతకిస్తావ్?"

"డబ్బులేటీ వద్దు. మీ సేత్తోనే బాగు సెయ్యాల. నాను సూడాల. అంతే."

తర్వాతి వారం ఆటోలో వేసుకుని తెచ్చింది. వెనక చక్రం వంకరపోయి ఉంది. ఒళ్ళంతా నల్లరంగు, బ్రష్షు చారలు చారలుగా.

"ఎవుడు పూసినాడే దీనికి? తారు పూసినట్టుంది!" అని నవ్వారు శ్రీరామ్మూర్తి.

"సముద్రపు గాలికి తుప్పట్టీద్ది కదా బావూ."

ఆయన సైకిలుని తలకిందులుగా నిలబెట్టి పని మొదలుపెట్టారు. సీతాలు వచ్చినప్పుడల్లా తట్ట దించి గుమ్మంలో కూర్చునేది. ఆయన చైను కిరోసిన్‌లో నానబెట్టారు. స్పోకులు ఒక్కొక్కటే బిగిస్తూ రిమ్ము వంకర తీశారు. ఆమె కళ్ళు ఆయన చేతుల మీదే ఉండేవి.

"అక్కడింకా వంకరుంది బావూ. మళ్ళీ తిప్పండి."

"మా ఆఫీసరు కూడా నన్నింత కాల్చుకు తినలేదే సీతాలూ!"

"ఇరిసేసినంత సులువా బావూ, బాగు సెయ్యడం?"

ఆయన పగలబడి నవ్వారు. రాణి కూడా నవ్వింది.

చివరికి రంగు వేయడం మిగిలింది. ఆ నలుపంతా గీకేసి ఆకుపచ్చ వేద్దామని ఆయన ఆలోచన. ఉప్పుకాగితం తీసుకుని వెనక మడ్‌గార్డు మీద రుద్దసాగారు. నలుపు పొడిపొడిగా రాలింది. అడుగున నీలం బయటపడింది. కాస్త పచ్చ కలిసిన ముదురు నీలం.

ఆయన చెయ్యి ఆగింది.

"రుద్దండి బావూ," అంది సీతాలు. "అది మా పడవ రంగు. నడి సముద్రంలో ఉన్న పడవ ఎవులిదో ఒడ్డున ఉన్న ఆడోళ్ళకి తెలవాల కదా. అందుకే మాకాడ ఏ ఇంటి రంగు ఆ ఇల్లే కలుపుకుంటాది. ఈ నీలం మాకు తప్ప ఎవులికీ లేదు. నిషేధం రోజుల్లో పడవకేసి, మిగిలింది సైకిలికి పూసుకున్నాడు మా వంశీ. సరిగ్గా ఆరకుండానే పనికి తొక్కుకెల్లీసినాడు."

ఉప్పుకాగితం ఆయన వేళ్ళలోంచి జారింది.

"ఏటండీ, సప్పుడాగిపోయింది?" లోపలి నుంచి రాణి కేకేసింది.

సీతాలు కిందపడిన కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇంకా శానా ఉంది. రుద్దండి."

గాలికి లేచిన కవరు కింద, కారు బంపరు మీద ఇదే నీలాన్ని చూసిన మర్నాడే సైకిలుకి నల్లరంగు పూసింది సీతాలు. ఇక అందరూ చూస్తుండగా ఆ కవరు తీయడం ఒక్కటే మిగిలి ఉంది.