పాలింగి దాటాల్సిన వంతెన

"ఏమండీ, కాఫీ చల్లారిపోతోంది" అంటూ అగుస్తినా దక్షిణపు గదిలోకి కప్పు పట్టుకెళ్లింది.

అరుగు మీద కూర్చున్న మార్థెన్‌కు ఒళ్లు మండింది. ఏమండీ అట, ఏమండీ! నాలుగేళ్లుగా నోరు విప్పని జబ్బు మనిషికి మొదటి కప్పు. పొద్దుటినుంచి బురదలో కొలతలు తీసి వచ్చిన ఇంజినీరుకు ఆ తర్వాత.

లోపల్నుంచి ఆమె కబుర్లు వినిపిస్తున్నాయి. "ఇనుప తాళ్లు వచ్చేశాయటండీ. ఇంకెన్నాళ్లో లేదు."

"పలకనివాడికి ఇన్ని కబుర్లా?" అన్నాడు ఆమె బయటికి రాగానే.

"పలక్కపోతేనేం? వింటారు."

సులవేసి దీవి కొండల్లో ఆ లోయ గట్టు మహా మొండిది. వాన పడితే చాలు, బంకమట్టి జారిపోతుంది. పాత వంతెన అలాగే కొట్టుకుపోయింది. కొత్తది కట్టడానికి వచ్చిన మార్థెన్ ఈ ఇంట్లో దిగాడు, దిగిన నెలకే అగుస్తినా మీద మనసు పడ్డాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు కూడా.

"ముందు ఆయన్ని వంతెన దాటించనివ్వండి. అప్పటిదాకా నేను పాలింగి పెళ్లాన్నే" అందామె. "నలభై మంది ఒకేసారి తొక్కినా తట్టుకోవాలి మరి. ఆయన వెనకాల ఊరంతా వస్తుంది."

"రాజుగారి ఊరేగింపా?"

"నాకు రాజే."

ఆ మాట మార్థెన్‌కు వారం రోజులు అన్నం సయించనివ్వలేదు.

ఎడమ గట్టున తాళ్లను పట్టి ఉంచే కాంక్రీటు దిమ్మ రాతి మీద కూర్చోవాలి. మూడు మీటర్లు తవ్వినా మట్టే.

"ఇక్కడితో ఆపేద్దాం సార్. ఈ ఎండాకాలానికి ఢోకా లేదు. మీకూ తొందరేగా!" అని మేస్త్రీ కన్ను గీటాడు.

తొందరే. పాలింగి ఆ ఇంట్లో ఉన్న ఒక్కో రోజు మార్థెన్‌కు ఒక్కో ఏడు. దిమ్మ జారితే లోయలో పడేది వాడేగా అని కూడా అనుకున్నాడు. కానీ వాడి వెనకే నడిచేది ఆమె.

"తవ్వండి" అన్నాడు, తన మీద తనకే సిగ్గేసి.

రాయి తగిలి దిమ్మ కూర్చునేసరికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో అగుస్తినా మొగుడికి ఎర్రటి దుప్పటి నేసింది. తనకు చేతిరుమాలైనా కుట్టిపెట్టలేదని మార్థెన్ కుళ్లుకున్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. నలభై మంది అరుస్తూ, గంతులేస్తూ పాలింగిని మోసుకెళ్లారు. వంతెన మూలిగింది. దిమ్మ మాత్రం కదల్లేదు.

అమ్మయ్య, పీడ విరగడైంది అనుకున్నాడు మార్థెన్. ఇక ఆమె తనవైపు తిరుగుతుందని ఇవతలి గట్టున నిలబడి చూశాడు.

ఆమె తిరగలేదు.

నాలుగేళ్ల కిందటే ఊపిరి ఆగినా, అంత్యక్రియలయ్యేదాకా జబ్బు మనిషిగానే చూసుకోవాలన్న కొండల ఆచారం ప్రకారం ఇంట్లో ఉంచుకున్న మొగుడి శవపేటిక, శ్మశానం ఉన్న అవతలి గట్టున దిగగానే, అగుస్తినా మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది.