మంచుకొండ సంబంధం

"ఈ సంబంధం మనకొద్దు బావా. పిల్లని అల్లారుముద్దుగా పెంచి సింహాల నోట్లో పెడతావేటి?" అంటూ భీమారావు కాఫీగ్లాసు ఠక్కున గచ్చు మీద పెట్టాడు.

పెళ్లికొడుకు చిన్నారావు ఎదురుగా కుర్చీలోనే ఉన్నాడు. అయినా భీమారావుకు మొహమాటం ఎప్పుడు ఏడిసింది గనక. పిల్లకు మేనమామ, పైగా పక్కూరు ఆరంగ్‌లో బియ్యం మిల్లు గుమాస్తా సంబంధం ఒకటి జేబులో పెట్టుకుని మరీ వచ్చాడు. చిన్నారావేమో నైరోబీ రైల్వేలో ఫిట్టరు. సెలవు మీద వచ్చి, వాల్తేరులో పాసింజరెక్కి రాయపూర్‌లో దిగాడు. పెళ్లయితే పిల్లను కెన్యా తీసుకుపోతాడు.

పెళ్లిచూపుల్లో పిల్ల నోరు విప్పకూడదని తాయారమ్మకు తెలుసు. తెలిసే విప్పింది.

"సింహాలు ఊళ్లోకొచ్చి కూర్చోవు మావయ్యా, వాటి అడవి వాటికుంది. ఆరంగ్ దాటితే అడవిలో పులుల్లేవేటి? అయినా అక్కడికిస్తానంటున్నావు కదా."

భీమారావు ఉలిక్కిపడ్డాడు. అడిగింది నిజమే గనక, కోపం ఇంకాస్త పెరిగింది.

"నడినెత్తిన సూర్యుడే అక్కడ. మాడి బొగ్గయిపోతావు."

"నైరోబీ కొండల మీదుంది. రాత్రయితే కంబళి కప్పుకోవాల. మే నెల్లో ఈ రైల్వే క్వార్టర్లో కాపురముండేదాన్ని, నాకు ఎండ చూపించి బెదిరిస్తావేటి? ఆ దేశంలో భూమధ్యరేఖ పక్కనే మంచుకొండ ఉంది."

"మంచా? బావా, ఈ గుంటకి దిమాగ్ ఖరాబయింది."

"ఉందండి," అన్నాడు చిన్నారావు మెల్లిగా, తప్పు ఒప్పుకుంటున్నవాడిలా.

తాయారమ్మ అటు తిల్దా, ఇటు ఆరంగ్ తప్ప మరో ఊరు చూడలేదు. ఆ రెండింటి మధ్య తన బతుకు తెల్లారిపోతుందని ఆమెకు గట్టి భయం. పక్క క్వార్టర్ బంగారమ్మ తమ్ముడు మొంబాసాలో ఉంటాడు. ఆమెకు అతని ఉత్తరాలు చదివిపెట్టి, వాటి మీది తపాలా బిళ్లలు అడిగి తెచ్చుకుని, తన ట్రంకుపెట్టె మూత లోపల అంటించుకుంది. సింహం, తెరచాప పడవ, కొంగలు, సరస్సు, మంచుకొండ. పెట్టె తెరిచినప్పుడల్లా ముందు వాటినే చూసుకునేది. పెళ్లికొడుకు ఫొటో కూడా ఆ పెట్టెలోనే ఎక్కడో అడుగున ఉంది.

తండ్రి సూర్యారావు గార్డు. ఎంత పొడుగు బండినైనా జెండా ఊపి కదిలిస్తాడు గానీ ఇంట్లో మాత్రం బావమరిది ఎటంటే అటు. "మనవాళ్లెవరుంటారమ్మా అక్కడ?" అన్నాడు దిగులుగా.

"రైలు మార్గం వేసింది పంజాబీవాళ్లు నాన్నా. దుకాణాలు గుజరాతీవాళ్లవి. మొంబాసాలో అన్నీ కొబ్బరిచెట్లే, మన భీమిలిలాగ. మసాయివాళ్లు ఆవుల్ని మందలు మందలుగా మేపుకుంటారు, ఇక్కడ పశువులు కాసే రౌత్‌లు లేరా? కికూయులు కొండవాలుల్లో సేద్యం చేస్తారు. కాఫీ తోటలు తెల్లవాళ్లవి."

"అదీ అలా చెప్పు," భీమారావు అందుకున్నాడు. "మొన్ననే కదా ఆ తెల్లవాణ్ణి ఇక్కణ్ణించి సాగనంపాం. మళ్లీ సముద్రం దాటెళ్లి వాడికే సలాం కొట్టాలా? రైల్లో కూడా మనవాళ్లకి డబ్బా వేరేనట."

చిన్నారావు తల దించుకున్నాడు. ఆ సంగతి తపాలా బిళ్లల మీద ఉండదు కదా, తాయారమ్మ సొంతంగానే జవాబు వెతుక్కుంది.

"ఇక్కణ్ణించి పోయినవాడు అక్కణ్ణించి మాత్రం పోడా మావయ్యా? వాడు మూటాముల్లె సర్దుకునే రోజున నేనక్కడే నిలబడి చూస్తాను."

మూల కూర్చున్న నాయనమ్మ వరహాలమ్మ అప్పుడు కదిలింది.

"నాను బొబ్బిలి నుంచి ఈ ఊరొచ్చీటప్పుడూ మావోళ్లు ఇలాగే గోలెట్టినారు. రాయపూరంటే కారడవంట, మనుసుల్ని తినీస్తారంట. ఎవుడు తిన్నాడు నన్ను? నానే ఇన్నేళ్లూ ఈళ్ల బియ్యం తింటన్నాను. పోనీరా దాన్ని."

భీమారావు చేతులెత్తేశాడు. "సరే, నాదేం పోయింది. కుర్రాడి మీద ఇంతలా మనసు పడ్డాక ఎవరి మాట చెవికెక్కుతుంది?"

అందరూ నవ్వారు. తాయారమ్మ నవ్వలేదు. ఆమె గుమ్మం దగ్గర చిన్నారావు విడిచిన బూట్ల వైపు చూస్తోంది. కుట్ల సందుల్లో ఎర్రమట్టి ఇరుక్కుని ఉంది, రాయపూర్ మట్టిలా లేదు. ఓడ దిగినా కెన్యా ఇంకా వదల్లేదన్నమాట. ఆమెకు గుండె నిండిపోయింది.

చిన్నారావు గొంతు సవరించుకున్నాడు.

"పెద్దలు ఇంత బాధపడుతుంటే నాకేం బాగోలేదండి. అసలు నాకూ అక్కడ మనసు నిలవడం లేదు. ఇక్కడి లోకో షెడ్డులో ఖాళీ ఉందంటే పొద్దున్నే వెళ్లి అడిగొచ్చాను, తీసుకుంటామన్నారు. నేనింక కెన్యా వెళ్లను. క్వార్టర్ కూడా ఈ వరసలోనే ఇస్తారట."

క్షణంలో ఇంటి రంగు మారిపోయింది. సూర్యారావు అల్లుడి చేతులు పట్టుకున్నాడు. తల్లి రమణమ్మ కళ్లొత్తుకుంటూ తాంబూలం పళ్లెం కోసం లోపలికి పరుగెత్తింది. "ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదయ్యా, నా గొంతు పోయింది," అంటూ భీమారావు ఆరంగ్ గుమాస్తాను మర్చిపోయి కొత్త అల్లుడి భుజం తట్టాడు. నాయనమ్మ ఒక్కతే మనవరాలి వైపు చూస్తూ ఉండిపోయింది.

తాయారమ్మ అప్పుడు మొదటిసారి తలెత్తి చిన్నారావు మొహం చూసింది. తర్వాత మేనమామ వైపు తిరిగింది.

"నువ్వన్నదే నిజం మావయ్యా. ఈ సంబంధం మనకొద్దు."