స్మిర్నా వెళ్లిన పెద్దాయన

"ఇప్పుడు ఏడుస్తున్నది ఎవరు?" అని అడిగింది సుమేలా.

టీవీ తెర మీద, టర్కీ సీరియల్లో, రిజా అనే పెద్దాయన కూతురు తండ్రి సమాధి దగ్గర కూర్చుని ఉంది. కింద గ్రీకు అక్షరాలు గబగబా మారిపోతున్నాయి. ఆర్గిరిస్ కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

"కూతురండీ. నాన్న దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. సంతోషం పట్టలేక ఏడుస్తోంది."

"అలాగా! పెద్దాయన ఎలా ఉన్నాడట?"

"ఇంకా స్మిర్నాలోనే, చెల్లెలి ఇంట్లో. మోకాళ్ల నొప్పులట."

"సముద్రపు గాలి మోకాళ్లకి పడదు. మా అమ్మ ఆ టర్కీ ఒడ్డున పుట్టిన మనిషే, ఎప్పుడూ అదే అనేది. ఉన్నిగుడ్డ చుట్టుకోమనండి."

"కూతురూ ఆ మాటే అంటోంది" అన్నాడు ఆర్గిరిస్. అబద్ధం మీద అబద్ధం పేర్చీ పేర్చీ అతను అలిసిపోయాడు.

సుమేలాకి చూపు పోయి చాలా ఏళ్లయింది. గ్రీసు దేశపు థెస్సలొనీకిలో ఆ మేడలో ఆమెది కింది వాటా, అతనిది సరిగ్గా పైన. భార్య పోయాక అతను సాయంత్రాలు దీపం కూడా వేసుకోకుండా కూర్చునేవాడు. ఒకరోజు మెట్ల మీద సుమేలా ఆపింది. "మీ ఇంట్లోంచి ఈమధ్య ఏ చప్పుడూ వినబడదేమండీ? ఖాళీగా ఉంటే ఆ టర్కీ సీరియల్ కింద రాసేది నాకు చదివిపెట్టకూడదూ? మీరు చదువుకున్నవారు."

అప్పట్నుంచీ రోజూ ఆ కుర్చీ, ఒక కాఫీ, చెంచాడు చెర్రీ పాకం. ఆ కాసేపటి కోసమే అతను గడ్డం గీసుకునేవాడు.

చిక్కు వచ్చింది రిజాతోనే. "అచ్చం మా ఆయన గొంతే" అని సుమేలా మురిసిపోయిన మర్నాడే సీరియల్లో రిజా గుండె ఆగి పోయాడు. ఆ అక్షరాలు చదవడానికి ఆర్గిరిస్‌కి నోరు రాలేదు. అప్పటికప్పుడు ముసలాయన్ని స్మిర్నా బస్సెక్కించేశాడు.

తెర మీద వయొలిన్లు మొదలయ్యాయి.

"ఇదిగో, మళ్లీ!" అని నిట్టూర్చింది సుమేలా. "ఈమధ్య సీరియళ్లలో మాటలు కరువైపోయాయి. వాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకుంటారు కాబోలు, నా వంతుకి మాత్రం వయొలిన్లు. కాదంటే ఫోన్లలో రాసుకుంటారు. టింగుమంటుంది, కొంపలు కూలిపోతాయి. ఏం రాశారో గుడ్డిదానికి ఎవడు చెప్తాడు?"

"మన ఛానల్లో ఏదో సీరియల్‌కి చూపులేనివాళ్ల కోసం వర్ణన పెట్టారన్నారు?"

"విన్నాను. 'ఆమె కిటికీ దగ్గరికి నడిచింది' అంటుందొక అమ్మాయి, రైలు వేళలు చదివినట్టు. ఎందుకు నడిచిందో, దాని గోడేమిటో చెప్పదు. కనబడిందే చెప్పాలట, అది నియమం! మీరు నయం. కిటికీ బయట వాన కూడా చెప్తారు."

ఆ వాన కూడా ఆర్గిరిస్ కురిపించిందే.

సీరియల్ అయిపోయింది. అతను టీవీ ఆపగానే సుమేలా ఒక పళ్లెం ముందుకి జరిపింది. ఉడికించిన గోధుమలు, దానిమ్మ గింజలు, పైన చక్కెర. పోయినవాళ్ల పేరున పెట్టేది.

"మీవారి పేరునా?"

"ఆయనకి పోయిన నెలే పెట్టాను. ఇది ఇంకో పెద్దాయనకి. ఈమధ్యే పోయాడు."

"దేవుడు ఆయన్ని క్షమించుగాక" అన్నాడు ఆర్గిరిస్ నోటినిండా గోధుమలతో.

అంతలో సుమేలా కోడలు వాసో ఒక చిన్న పెట్టె పట్టుకుని వచ్చింది.

"అత్తయ్యా, ఇక మీరు ఎవర్నీ బతిమాలక్కర్లేదు. దీన్ని టీవీకి తగిలిస్తే రాతంతా పైకి చదివేస్తుంది. బొమ్మలో ఏముందో కూడా చెప్తుంది. బాబాయిగారికీ శ్రమ తప్పుతుంది."

ఆర్గిరిస్ చెంచా పళ్లెంలో పెట్టేశాడు. ఆ పెట్టె నోరు తెరిచిన మరుక్షణం రిజా చచ్చిపోతాడు. తన అబద్ధాలు బయటపడతాయి. ఈ కుర్చీ, ఈ సాయంత్రం, అన్నీ పోతాయి. పెట్టె చెప్పేలోగా తనే చెప్పడం మర్యాద అనుకున్నాడు.

"సుమేలాగారూ, మీకొక మాట చెప్పాలి. ఆ రిజా..."

"స్మిర్నాలో ఉన్నాడు. చెప్పారుగా" అని ఆమె అడ్డుపడింది. "వాసో, ఆ పెట్టె పట్టుకుపో."

"అదేంటత్తయ్యా? ఒక్క ముక్క తప్పు చదవదు!"

"అందుకే వద్దన్నాను. కాఫీ ఇస్తే తాగుతుందా? వస్తున్నానని మెట్ల మీద దగ్గుతుందా?"

"మీతో నేను వేగలేను" అంటూ వాసో పెట్టెని చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆర్గిరిస్ కప్పులు తీసుకుని వంటింట్లోకి నడిచాడు. 'పాపం, ఎంత నమ్మకం' అనుకున్నాడు. రేపు రిజా చేత కూతురికి ఒక మంచి కబురు చెప్పించాలి, ఎలా చెప్పించడమా అని ఆలోచిస్తూ కుళాయి తిప్పాడు.

నీళ్ల చప్పుడు ఆగాక గదిలోంచి టర్కీ మాటలు వినబడ్డాయి. ఆడగొంతు, గుక్క తిప్పుకోకుండా. మధ్యమధ్య రిజా పేరు, స్మిర్నా పేరు, ఒక నవ్వు. టీవీ మళ్లీ ఎవరు పెట్టారా అనుకుంటూ, చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు.

తెర నల్లగానే ఉంది.

ఫోన్లో అక్కతో టర్కీ మాట్లాడుతున్నది సుమేలా.