బూడిదరాణికి ఒక్క దెబ్బ

"చూడు, చూడు! రాణి ఇంకా నోరే తెరవలేదు. వీడు అప్పుడే పక్కకి దూకేశాడు," అంది నిఘా మేడమ్, తెర మీద బొమ్మను ఆపేస్తూ.

సౌండ్ ఇంజనీరు ముందుకు వంగి చూశాడు. నిజమే.

వీడియో గేమ్‌లో మోసం చేసేవాళ్ళను పట్టుకోవడం ఆమె ఉద్యోగం. ఆఫీసంతా ఆమెను నిఘా మేడమ్ అనే పిలుస్తుంది. లిఫ్టులో ఎవరైనా నవ్వి పలకరిస్తే, ఎందుకు నవ్వారో తేలేదాకా ఆమెకు నిద్ర పట్టదు.

బూడిదరాణి వాళ్ళ కంపెనీ ఆటలో ఆఖరి శత్రువు. ఆట విడుదలై మూడు నెలలైనా ఆమెను ఓడించినవాళ్ళు పట్టుమని పదిమంది లేరు. ప్రతి దాడికీ ముందు రాణి ఒక డైలాగు చెబుతుంది. మాటను బట్టి వచ్చేది కత్తో, నిప్పో, సుడిగాలో పోల్చుకుని తప్పుకోవాలి. మాట పూర్తయ్యేసరికి సగంమంది బూడిదైపోతారు. మూడో స్తంభం వెనక దాక్కోండి, డాలు దించకండి అంటూ ఇంటర్నెట్‌లో బోలెడు సలహాలున్నాయి. ఈ ఆటగాడు వాటిలో ఒక్కటీ పాటించడం లేదు.

"ఖాతా పేరు డ్రైవరుగారు. ఆట విడుదలైన రోజే తెరిచాడు. అంతకుముందు ఏ ఆటా ఆడిన దాఖలా లేదు. రోజూ సాయంత్రం నాలుగింటికి వస్తాడు. గంటసేపు ఒక్క దెబ్బ తగలనివ్వడు. తీరా రాణి ఇంకొక్క దెబ్బకి పోతుందనగా కదలకుండా నిలబడి చచ్చిపోతాడు. మర్నాడు మళ్ళీ మొదలు."

"పాపం, మొహమాటస్తుడేమో మేడమ్."

"జోకులొద్దు. డైలాగుల వరస ప్రతిసారీ మారిపోతుంది. అయినా ముందే తెలుస్తోందంటే లోపలి గుట్టేదో బయటికి పోయింది. ఆ శబ్దాలన్నీ ఎవరి దగ్గరుంటాయి?"

శబ్దాలన్నీ సౌండ్ ఇంజనీరు దగ్గరే ఉంటాయి. హెడ్‌ఫోన్లు తగిలించుకుని అదే ముక్కను పదిసార్లు విన్నాడు.

"ఊపిరి మేడమ్! డైలాగుకి ముందు ఊపిరి పీల్చిన చప్పుడుంది. మామూలుగా కోసేస్తాం. ఇవి మొదటిసారి తీసిన రికార్డింగులు. ఇంకోసారి తీద్దామనుకున్నాం గానీ రాణికి గొంతిచ్చిన ఆర్టిస్టు మళ్ళీ రాలేదు. ఉన్నవే వాడేశాం. కానీ ఉత్త ఊపిరి విని ఏ డైలాగో చెప్పడం నావల్లే కాదు."

"నీవల్ల కానిది వాడివల్ల అవుతోందంటే, నువ్వు నేర్పావనే అంటారు. రేపు రిపోర్టులో నీ పేరు ఉండాలో వద్దో ఇవాళ తేలిపోవాలి. వాడి చిరునామా ఈ ఊరిదే. పద."

మూడో అంతస్తులో తలుపు తీసింది డెబ్భై దాటిన పెద్దాయన. ఆట కంపెనీ నుంచి వచ్చామని చెప్పి, నిఘా మేడమ్ గుమ్మంలోంచే ఇల్లంతా కళ్ళతో సోదా చేసింది. బల్ల కింద కంప్యూటరు లేదు. కర్టెను వెనక మనిషి లేడు. ఒక టీవీ, ఒక కంట్రోలరు, టీవీకి ఎదురుగా రెండు కుర్చీలు. రెండో కుర్చీలో మడతపెట్టిన శాలువా ఉంది.

"ఆ కుర్చీ ఎవరిది?"

"అదలా ఉంటుందమ్మా."

ఆమె సౌండ్ ఇంజనీరు వైపు అదోలా చూసింది.

"ఏం చేసేవారు మీరు?"

"బస్సు నడిపేవాణ్ణి. ఎదుటివాడు ఎటు తిరుగుతాడో వాడికన్నా ముందు మనకి తెలియాలి, లేకపోతే అంతే సంగతులు."

"మా ముందు ఒకసారి ఆడండి."

గడియారం చూసుకుని, కళ్ళజోడు సర్దుకుని, ఆయన ఆట మొదలుపెట్టాడు.

"కోపమొచ్చింది. ఇదిగో నిప్పు," అన్నాడు. ఆ తర్వాత రాణి పలికింది, ఆ తర్వాత నిప్పు కురిసింది. "ఈసారి కత్తి." కత్తే వచ్చింది. "ఆగవే, వస్తున్నా," అని తెరతో అంటూ సుడిగాలిలోంచి జారుకున్నాడు. సౌండ్ ఇంజనీరు తన ఉద్యోగం సంగతి మరిచిపోయి నోరెళ్ళబెట్టాడు. ఇది యంత్రం కాదు, మనిషే. మనిషంటే ఎవరో నేర్పారనే అంటారు, అది అతనికి ఇంకా ప్రమాదం.

రాణి ప్రాణం ఒక్క దెబ్బకి వచ్చింది. పెద్దాయన కొట్టడం ఆపేసి, తప్పుకుంటూ ఉండిపోయాడు.

"కొట్టండి! కొడితే గెలుస్తారు," అన్నాడు సౌండ్ ఇంజనీరు.

"కొడితే ఇంక రాణి రాదటగా?"

"రాదు. ఆట అయిపోతుంది."

"అందుకే."

"ఈ కబుర్లు నా దగ్గర కాదు. ఊపిరి గుట్టు మీకెవరు చెప్పారు? ఇతనేనా?"

"ఈ బాబుని చూడటం ఇదే మొదటిసారి."

"సరే, చెప్పకండి. రేపటికల్లా మీ ఖాతా మూసేస్తాను. శుక్రవారానికి ఆ ఊపిరి చప్పుళ్ళన్నీ కోయించేస్తాను. ఆ తర్వాత ఎలా కనిపెడతారో నేనూ చూస్తా."

ఇంతసేపూ ఒక్క పొరపాటు చేయని చేతులు తడబడ్డాయి. తెర మీద నిప్పు కురిసి వీరుడు బూడిదైపోయాడు. పెద్దాయన కంట్రోలరును తీసుకెళ్ళి రెండో కుర్చీలో శాలువా మీద మెల్లగా పెట్టాడు.

"ఖాతా మూసెయ్యండమ్మా. మళ్ళీ మొదటినుంచి ఆడుకుంటూ వస్తాను. రాణి దాకా రావడానికి రెండు నెలలు పడుతుంది, పట్టనివ్వండి."

ఆయన శాలువా మడత సరిచేశాడు.

"ఆ ఊపిరి మాత్రం కొయ్యకండి, అది మా ఆవిడది."