నవ్వినందుకు

“ఐసు వెయ్యకుండా వదిలేసి గంపెడు రొయ్యలు కుళ్ళబెట్టాడు. అదైనా పోనీ. నేను తిడుతుంటే నా మొహమ్మీదే నవ్వాడమ్మా! రేపట్నించి రావద్దని చెప్పు,” అన్నాడు రొయ్యల ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ గారెట్, పక్కన నిలబడ్డ ఖియెమ్‌ని చూపిస్తూ.

తనలాగే వియత్నాం నుంచి పడవల్లో పారిపోయి వచ్చినవాళ్ళకి టెక్సాస్‌లో ఉద్యోగాలు చూపించడం థోవా పని. ఖియెమ్‌కి ఇదీ ఊడిపోతే, మలేషియా శరణార్థుల శిబిరంలో పడి ఉన్న భార్యని ఇక రప్పించుకోలేడు.

“అది నవ్వు కాదండీ. సిగ్గుతో చచ్చిపోతున్నా, కడుపు మండిపోతున్నా మావాళ్ళు ఎదుటివాళ్ళ ముందు ఏడవరు. అలా నవ్వేస్తారు.”

“నాకు కథలు చెప్పకు.”

ఖియెమ్ అప్పుడూ నవ్వుతూనే ఉన్నాడు.

“బాబాయ్, నీకు దణ్ణం పెడతాను, ఆ నవ్వు ఆపు!” అంది థోవా తమ భాషలో. అతనివల్ల కాలేదు. ఆమెకి దిక్కుతోచలేదు. “పోనీ, నీ పిల్లాడి సంగతి చెప్పు ఈయనకి.”

అతను చెప్పాడు. ఆమె ఒక్కో మాటా ఇంగ్లీషులో అప్పజెప్పింది.

“పడవలో మంచినీళ్ళు అయిపోయాయి. దాహం, దాహం అంటూనే బాబు పోయాడు. ఈ చేతుల్తోనే సముద్రంలో వదిలాను.”

చెప్పినంతసేపూ ఖియెమ్ పెదాల మీద అదే నవ్వు.

గారెట్ గోడకి వేలాడుతున్న, పనిలో కట్టుకునే రబ్బరు ఏప్రన్ తీసి ఖియెమ్ చేతిలో పెట్టాడు. తర్వాత థోవా మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు.

“నువ్వూ నవ్వుతున్నావు,” అన్నాడు మెల్లగా. “నీకెవరు పోయారమ్మా?”