హెల్మెట్ ఇవ్వని మనిషి

ముసలాయన హెల్మెట్‌ను ఒళ్లో పెట్టుకుని బెంచీ చివర కూర్చున్నాడు.

"ఇవ్వను," అన్నాడు.

"వాల్ట్, ఇంకా సగం ఆట ఉంది!" కోచ్ అరిచాడు. "నా దగ్గర వేరే క్వార్టర్‌బ్యాక్ లేడు!"

అది నిజమే. మిషిగన్‌లోని ఆ చిన్న కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ 1984లో అప్పటిదాకా ఆడిన ఎనిమిది ఆటలూ ఓడిపోయింది. బంతి విసిరి ఆట నడిపించేవాడు క్వార్టర్‌బ్యాక్. మొదటివాడికి భుజం జారింది. రెండోవాడికి మోకాలు పోయింది.

మిగిలింది రాజ్. నాలుగేళ్లూ బెంచీ మీదే గడిపాడు. కాలేజీలో ఇదే ఆఖరి ఏడు, సీజన్‌లో ఇదే ఆఖరి ఆట.

అతనికి మాత్రం ఇదే మొదటిది.

అతను విసిరిన బంతులతో టీమ్ ముందంజలో ఉంది. అంతలో అవతలివాడొకడు వచ్చి గుద్దాడు. రాజ్ తల నేలకు కొట్టుకుంది. తనంతట తనే లేచాడు. నడిచి వచ్చాడు.

వాల్ట్ ఏదో అడిగాడు. రాజ్ ఏదో చెప్పాడు. వెంటనే వాల్ట్ హెల్మెట్ లాక్కున్నాడు.

వాల్ట్ ఆగస్టులో తాత్కాలికంగా చేరినవాడు. ఆటగాళ్ల కాళ్లకు పట్టీలు కట్టడం, దెబ్బలు చూడడం అతని పని. ఆడకూడనివాణ్ని ఆపాలంటే హెల్మెట్ దాచేయడం ఆ పనివాళ్ల పద్ధతి. అది లేనిదే మైదానంలోకి రానివ్వరు. ఇంకెవరిదీ రాజ్ తలకు పట్టదు.

ప్రేక్షకులు కూర్చునే మెట్ల మీద రాజ్ తండ్రి రాధాకృష్ణ లేచి నిలబడ్డాడు. ఆ రాష్ట్రంలోనే ట్రాయ్ అనే ఊళ్లో కార్ల కంపెనీ ఇంజనీరు. కొడుకు ఆట చూపించడానికి నాలుగు తెలుగు కుటుంబాలను వెంటబెట్టుకొచ్చాడు.

"ఏంటి గురూ, మనవాణ్ని కూర్చోబెట్టేశారు?" అన్నాడు స్నేహితుడు శ్యామ్‌సుందర్, పులిహోర నములుతూ.

"పోనివ్వండీ, కాసేపు కూర్చోనివ్వండి," అంది రాధాకృష్ణ భార్య నళిని.

"నువ్వూరుకో. నీకేం తెలుసు గేమ్ గురించి?"

"మీకేం తెలుసేంటి?"

రాధాకృష్ణ అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

"సర్, ప్లీజ్. మావాడికి ఇదొక్కటే ఛాన్స్."

వాల్ట్ తలెత్తాడు. "మీరు తండ్రా?"

"అవును."

"ఆట చూడడానికి మీవాళ్లెవరైనా వచ్చారా అని అడిగాను. ఎవరూ రాలేదన్నాడు."

రాధాకృష్ణ ముఖం మాడిపోయింది.

పొద్దున వాళ్లందరికీ సీట్లు చూపించింది రాజే.

పన్నెండేళ్లప్పుడు స్కూలు గేటు దగ్గర, "అందరి ముందు తెలుగులో పిలవకు డాడీ," అన్న కొడుకు గుర్తొచ్చాడు. ఇంకా సిగ్గు పోలేదన్నమాట.

"అది మా ఇంటి విషయం. హెల్మెట్ ఇవ్వండి."

"ఇవ్వను."

ఎన్నడూ బంతి విసరనివాణ్ని రాజ్ స్థానంలో దింపారు. మూడు పాయింట్ల తేడాతో టీమ్ ఓడింది. రాజ్ ఎవరితోనూ మాట్లాడకుండా హాస్టల్‌కి వెళ్లిపోయాడు.

ఆదివారం రాధాకృష్ణ కాలేజీకి ఉత్తరం టైప్ చేశాడు.

"డిస్క్రిమినేషన్ అని రాయి గురూ," అన్నాడు శ్యామ్‌సుందర్. "ఆ వర్డ్ పడితేగానీ కదలరు."

రాశాడు. తమవాళ్లెవరూ రాలేదని కొడుకు అన్న సంగతి మాత్రం రాయలేదు. నళినికి కూడా చెప్పలేదు.

నాలుగు రోజుల్లో జవాబొచ్చింది. ఆ తాత్కాలిక ఉద్యోగిని తీసేశామన్నారు.

థాంక్స్‌గివింగ్ సెలవులకు రాజ్ ఇంటికొచ్చాడు. తలనొప్పిగా ఉందన్నాడు. భోజనాల దగ్గర గరిటె ఎత్తి పప్పుచారు కంచం పక్కన పోసుకున్నాడు.

"అదేంట్రా?" నళిని అతని చెయ్యి పట్టుకుంది.

"ఏంటమ్మా? కరెక్ట్‌గానే పోశాను కదా."

ఆస్పత్రికి తీసుకెళ్తే ఆ మధ్యాహ్నమే ఆపరేషన్ చేశారు. తలలో సన్నగా రక్తం కారుతూ ఉందట.

"దెబ్బ తగిలాక మళ్లీ ఆడాడా?" అడిగాడు డాక్టర్.

"లేదు. ఆడనివ్వలేదు," అన్నాడు రాధాకృష్ణ.

"ఎవరో మంచి పని చేశారు. ఇంకో దెబ్బ తగిలుంటే మైదానంలోనే పోయేవాడు."



"డాక్టర్, మీవాళ్లొచ్చారా అని ఆరోజు మావాణ్ని అడిగితే... రాలేదన్నాడట."

"దెబ్బ తగిలిన తల అంతే. పొద్దుటి సంగతి కూడా గుర్తుండదు."

వారం తర్వాత రాజ్ లేచి కూర్చున్నాడు.

"డాడీ, ఆ ఓల్డ్ మ్యాన్‌కి థాంక్స్ చెప్పాలి."

"నేను చెప్పొస్తాను," అన్నాడు రాధాకృష్ణ. ఆ రోజే రెండు గంటలు డ్రైవ్ చేసుకుని కాలేజీకి వెళ్లాడు.

పట్టీలు కట్టే గదిలో ఎవరూ లేరు. పక్క గదిలో లూసీ అనే ఆవిడ ఆటగాళ్ల ఉతికిన జెర్సీలు మడతపెడుతోంది. ముప్ఫై ఏళ్లుగా ఆమెది అదే పని.

"వాల్ట్ వెళ్లిపోయాడు. నేనే బస్సెక్కించాను."

"అడ్రస్ ఉందా?"

"అడిగాను. నవ్వి ఊరుకున్నాడు. ఎవరో తండ్రి ఉత్తరం రాశాడట."

"ఆ తండ్రిని నేనే."

లూసీ చేతిలో జెర్సీ పక్కన పెట్టింది. 

"ఇప్పుడున్నవాళ్లకు తెలియదు," అంది. "1959లో ఈ టీమ్ కుర్రాడొకడు పోయాడు. తలకు దెబ్బ తగిలింది. బాగానే ఉన్నానన్నాడు. మళ్లీ ఆటలోకి దిగాడు, అంతే. పంతొమ్మిదేళ్లు."



"వాల్ట్ కొడుకా?" అడిగాడు రాధాకృష్ణ.

"కాదు," అంది లూసీ. "వెళ్లి ఆడమని ఆ కుర్రాణ్ని పంపిన కోచ్ వాల్టే."