పై శృతి

పొద్దుటినుంచి ఫెటు బాబాయి బేస్ గిటార్‌తో కుస్తీ పడుతున్నాను.

“తీగ ముట్టుకుంటే స్పీకర్లో గుర్రు పెరుగుతోంది బాబాయ్. లోపల ఎర్త్ వైరు ఊడింది. ఇన్నాళ్లూ ఎలా వాయించావు?”

“ఎలాగో వాయించానులే. ఆ గుర్రు ఒక్కటీ ఆపు. శృతి జోలికి మాత్రం పోకు.”

వైరు అతికిస్తే గుర్రు ఆగింది. కానీ పై మెట్లకు వెళ్లేకొద్దీ ప్రతి స్వరమూ హెచ్చుగా పలుకుతోంది. వింటూ ఊరుకోలేకపోయాను. మరలు తిప్పడం, వాయించి చూడడం, మళ్లీ తిప్పడం. నడుముకు కట్టుకున్న లావాలావా లుంగీ చెమటకు తడిసి ముద్దయింది.

“ఏ దద్దమ్మ బిగించాడో దీన్ని!” అన్నాను, చివరికి అన్నీ సరిచేసి.

బాబాయి గిటార్ లాక్కుని సంచిలో పెట్టేశాడు.

సాయంత్రం చర్చిలో బాబాయి గిటార్ అందుకుంటే, లూపే పిన్ని పాట ఎత్తుకుంది. సమోవా మొత్తంలో ఆవిడ గొంతుకు వంక పెట్టినవాళ్లు లేరు. పైస్థాయికి చేరేసరికి ఆవిడ గొంతు గిటార్‌ను దాటి హెచ్చుకు పోయింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. పిన్ని బిత్తరపోయి ఆగింది.

ఆ దద్దమ్మ ఎవరో, ఎవరి గొంతు కోసం అలా బిగించాడో అప్పుడు తెలిసింది.

“వద్దంటే వినకుండా నా గిటార్ పాడుచేశాడు, వెధవ!” బాబాయి అందరికీ వినపడేలా అరిచాడు.

“నిజమే, నేనే పాడుచేశాను పిన్నీ” అని స్క్రూడ్రైవర్ తీశాను.